అతుకు లేని ఇంజిన్

చిరంజీవులు చిన్నూకి, లల్లీకి తాతయ్య ఆశీస్సులు.

"లోహాన్ని కూడా ప్రింట్ చేస్తారటగా తాతయ్యా, ఎలా?" అని మొన్న లల్లీ అడిగింది. ఫోన్‌లో చెప్తే సగమే అర్థమవుతుందని ఇలా రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లు లేత్ మెషిన్ మీద పనిచేశాను కదా. మా పనంతా కోసి తీసెయ్యడమే. లావుపాటి టైటానియం కడ్డీ బిగించి, అక్కర్లేనిదంతా చెక్కేసేవాళ్లం. సాయంత్రానికి చేతిలో గుప్పెడంత పార్టు, కాళ్ల దగ్గర ఉంగరాలు తిరిగిన పొట్టు బుట్టెడు. టైటానియం బలానికి ఉక్కుకి తీసిపోదు, బరువు చూస్తే అందులో 60 శాతం కూడా ఉండదు. అలాంటి ఖరీదైన లోహం పొట్టుగా పోతుంటే ప్రాణం ఉసూరుమనేది.

ఈ కొత్త పద్ధతి దానికి సరిగ్గా ఎదురు. లోహాన్ని మైదాపిండంత మెత్తటి పొడి చేసి, ఒక పలక మీద మహా అయితే తలవెంట్రుకంత మందాన పరుస్తారు. కంప్యూటర్‌లో ఉన్న బొమ్మ ప్రకారం లేజర్ దాని మీద ముగ్గు గీసినట్టు తిరుగుతుంది. అది తాకిన చోట పొడి కరిగి గడ్డకడుతుంది, తాకనిది పొడిగానే ఉంటుంది. పలక కాస్త కిందికి దిగుతుంది. మళ్లీ పొడి, మళ్లీ లేజర్. ఇలా వందలు, వేల పొరలు. చివర్లో పొడి దులిపితే వస్తువు బయటపడుతుంది. మిగిలిన పొడిని మీ నానమ్మ పిండి జల్లించినట్టే జల్లించి మళ్లీ వాడతారు.

టైటానియం కరగడానికి 1668 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడిలో గాలి తగిలితే ఆక్సిజన్ పీల్చుకుని పెళుసైపోతుంది. అందుకే మెషిన్ లోపల ఆర్గాన్ వాయువు నింపుతారు.

నా మనసు దోచుకున్నది మాత్రం అతుకుల సంగతి. ఒకసారి మేం వెల్డింగ్ చేసిన పైపు ప్రెషర్ టెస్టులో కారింది. పైకి వెల్డు నున్నగా ఉంది, లోపల సన్నటి పగులు! మూడు వారాల పని వృథా. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. అందుకే ఇస్రో వార్త చదివినప్పుడు పేపరు పక్కన పెట్టలేకపోయాను. పీఎస్ఎల్‌వీ రాకెట్ నాలుగో దశ ఇంజిన్‌లో 14 భాగాలుండేవి. ప్రింట్ చేసి వాటిని ఒకే ముక్కగా మార్చారు. 19 వెల్డింగ్ అతుకులు మాయం. అంతకుముందు ఒక్కో ఇంజిన్‌కి 565 కిలోల లోహం పట్టేది, ఇప్పుడు 13.7 కిలోల పొడి చాలు. 2024 మే 9న దాన్ని 665 సెకన్లు మండించి చూశారు, నిలబడింది. అదే నెల 30న మన శ్రీహరికోట నుంచి చెన్నై కుర్రాళ్ల అగ్నికుల్ కంపెనీ, ఒకే ముక్కగా ప్రింట్ చేసిన ఇంజిన్‌తో రాకెట్ ఎగరేసింది.

అలాగని మెషిన్‌లోంచి తీసి నేరుగా బిగించేయడం కుదరదు. లోహంలో మిగిలిపోయిన బిగువు పోవడానికి వేడిచేయాలి, పలక నుంచి కోయాలి, లోపల బొక్కలున్నాయేమో స్కాన్ చేయాలి. కచ్చితమైన కొలత కావాల్సిన చోట మళ్లీ మా మెషిన్ల మీదే చెక్కాలి.

దసరా సెలవులకి రండి. టైటానియం పొట్టు ఉంగరం ఒకటి దాచి ఉంచాను. అరచేతిలో పెట్టుకుని ఎంత తేలికో చూద్దురుగాని.

మీ తాతయ్య