ఎండ ఆగదు, మరి బొమ్మ?

చిరంజీవులకు,

"ఎండ గంటగంటకీ మారిపోతుంటే ఆరుబయట కూర్చుని ఆయిల్ పెయింటింగ్ ఎలా పూర్తిచేస్తారు తాతయ్యా?" అని మీలో చిన్నది అడిగింది. రోజంతటి ఎండనీ ఎవరూ వెయ్యలేరమ్మా. గంటన్నర, మహా అయితే రెండు గంటల వెలుతురును మాత్రమే వేస్తారు.

ఇంగ్లండు చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821, 22లలో, అప్పటికి లండన్ పక్కనున్న హాంప్‌స్టెడ్‌లో కాగితాల మీద ఆయిల్ రంగులతో మేఘాలు వేశాడు. చాలా బొమ్మల వెనక తేదీ, వేళ, గాలి ఎటునుంచి వీస్తోందో రాసుకున్నాడు. అప్పటికింకా ట్యూబులు లేవు, రంగును పంది మూత్రాశయపు తిత్తిలో కట్టి, పొడిచి పిండుకునేవారు. జాన్ గోఫ్ రాండ్ తగరపు ట్యూబుకు పేటెంటు తీసుకున్నది 1841లో.

మీరు జెస్సో (రంగు బాగా పట్టడానికి ముందుగా వేసే తెల్లటి పూత) పూసిన 20×25 సెంటీమీటర్ల పలక తీసుకోండి. తెల్లటి పలక ఎండలో కళ్లు చెదరగొడుతుంది, అందుకని ముందే పల్చగా కావిరంగు పూసి ఆరబెట్టండి. పలకా, రంగుల పళ్లెమూ రెండూ నీడలోనే ఉండాలి. ఎండలో రంగులు ఉన్నదానికంటే వెలుగుగా కనిపిస్తాయి, మనం తెలియకుండానే ముదురుగా కలిపేస్తాం. ఇంటికొచ్చి చూస్తే బొమ్మంతా చీకటి.

మొదటి పది నిమిషాల్లో నీడల అంచులు గీసెయ్యాలి. ఆ తర్వాత అవి ఎంత జరిగినా వాటి వెంట పడకూడదు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. వెంటపడ్డారా, చెట్టుకు ఏడింటి నీడ, గోడకు తొమ్మిదింటి నీడ పడి బొమ్మలో ఇద్దరు సూర్యుళ్లు తయారవుతారు.

ఇక రంగు ఎలా ఆరుతుందో పాలతో పోల్చి చెబుతాను. కాచిన పాలు చల్లారుతుంటే పైన మీగడ కడుతుంది, కింద పాలు పాలలాగే ఉంటాయి. గిన్నె కదిపితే మీగడ ముడతలు పడుతుంది. రంగులోని అవిసె నూనె కూడా అంతే, ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్ని తీసుకుని పైనుంచి గట్టిపడుతుంది. కింద నూనె ఎక్కువున్న పూత మెల్లగా ఆరుతుంటే, పైన త్వరగా ఆరిన పూత పగులుతుంది. కనుక తొలిపూత వెన్నతీసిన పాలలా ఉండాలి, టర్పెంటైన్‌తో పల్చగా. పైకి వచ్చేకొద్దీ నూనె పెరిగి చిక్కటి పాలలా. తెలుపు కలిపిన దళసరి వెలుగులు ఆఖరున, మీగడ తరకలా, ఒక్కసారి పెట్టి వదిలెయ్యాలి. మీగడను గరిటెతో కెలికితే ఏమవుతుంది? తడి రంగును కెలికినా అంతే, బురదవుతుంది.

నల్లరంగు కొనకండి. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి మట్టిరంగు కలిపితే వచ్చే ముదురురంగు నలుపు కన్నా ఎంతో బాగుంటుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడెయ్యొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లున్న డబ్బాలో వేసి మూతపెట్టండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తినండి.

రేపు పొద్దున ఏడింటికి చెట్టునీడ అంచున సుద్దముక్కతో గీత గియ్యండి. ఎనిమిదింటికి మళ్లీ వెళ్లండి. కళ్లు సగం మూసి, నీడ లోపల ఏయే రంగులున్నాయో చూసి నాకు రాయండి. పైన తేదీ, వేళ, గాలి ఎటునుంచి వీచిందో వెయ్యడం మరిచిపోవద్దు.

ఆశీస్సులతో,
తాతయ్య