గుల్ల, ఊక, రొయ్య పెంకు: ఎలక్ట్రాన్ డిఫ్రాక్షన్‌పై అపోహలు - వాస్తవాలు

ఎలక్ట్రాన్ డిఫ్రాక్షన్ అంటే నమూనా గుండా ఎలక్ట్రాన్ పుంజాన్ని పంపి, అది చెదిరి ఏర్పరిచే వలయాలను, చుక్కలను బట్టి లోపలి పరమాణువుల అమరికను తెలుసుకోవడం. పరమాణువులు క్రమమైన వరుసల్లో ఉంటే అది స్ఫటికం.

అపోహ: గట్టిగా ఉంటే అది స్ఫటికమే.

వాస్తవం: మన డెల్టా నుంచి నమూనాలు తెచ్చే విద్యార్థుల్లో ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. ధాన్యం ఊక గరుకుదనానికి కారణం సిలికా. ఎలక్ట్రాన్ పుంజం కింద అది మసక వలయాన్నే ఇస్తుంది. అంటే పరమాణువులకు క్రమమైన వరుస లేదు. (మిల్లు బాయిలర్ బూడిద సంగతి వేరు. బాగా ఎక్కువ వేడికి సిలికా క్రిస్టోబలైట్ అనే స్ఫటిక రూపంగా మారి ఉండొచ్చు.)

కాకినాడ అఖాతంలో దొరికే బ్లడ్ క్లామ్ గుల్లను మెత్తగా నూరి చూడండి, పదునైన వలయాలు వస్తాయి. అది అరగొనైట్. ఆయిస్టర్ చిప్పలో ఎక్కువగా ఉండేది కాల్సైట్. రెండూ కాల్షియం కార్బొనేటే, యాసిడ్ పోస్తే రెండూ పొంగుతాయి. తేడా అంతా అమరికలోనే. 200 కిలోవోల్టుల వద్ద, కెమెరా పొడవు (నమూనా నుంచి చిత్రం పడే చోటికి లెక్కలో తీసుకునే దూరం) మీటరైతే, కాల్సైట్ ప్రధాన వలయం కేంద్రానికి సుమారు 8.3 మి.మీ. దూరంలో, అరగొనైట్‌ది 7.4 మి.మీ. దూరంలో పడుతుంది. ఒక మిల్లీమీటరు కూడా లేని తేడా ఇది. ముందుగా, వలయాల కొలతలు తెలిసిన బంగారం నమూనాతో కెమెరా పొడవు సరిచూడకుండా తెచ్చిన ఫలితాన్ని నేను నమ్మను.

అపోహ: చుక్కలు కనబడితే పని అయిపోయినట్టే.

వాస్తవం: ఆ చుక్కలు దేనివో తేలాలి. ఉప్పునీటి చెరువు రొయ్య పెంకును సరిగా కడగకపోతే గ్రిడ్ (నమూనాను పెట్టే చిన్న జాలీ) మీద ఉప్పు ఎండి, చతురస్రంగా అందమైన చుక్కలు వస్తాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. పెంకులోని కాల్షియం కార్బొనేట్‌లో కొంత భాగానికి స్ఫటిక రూపం ఉండదు, పుంజం తగిలాకే అది స్ఫటికంగా మారవచ్చు. అందుకే తక్కువ డోసుతో, అంటే నమూనాకు తక్కువ ఎలక్ట్రాన్లు తగిలేలా తీసిన మొదటి చిత్రాన్ని తప్పకుండా దాచుకోండి.

నమూనాను ఫార్మలిన్‌లో వేసి పంపకండి. నిల్వ ఉన్న కొద్దీ అది ఆమ్లంగా మారి కార్బొనేట్‌ను తినేస్తుంది. ఆల్కహాల్‌లో వేసి పంపండి.

అపోహ: తడి ఉన్న జీవ నమూనాలు దీనికి పనికిరావు.

వాస్తవం: 1974లోనే టేలర్, గ్లేసర్ అనే శాస్త్రవేత్తలు తడితో సహా గడ్డకట్టించిన కాటలేజ్ అనే ప్రోటీన్ స్ఫటికాలతో చేసి చూపారు. 2013లో శాస్త్రవేత్త గోనెన్ బృందం లైసోజైమ్ అనే ప్రోటీన్ అతి చిన్న స్ఫటికాల నుంచి దాని నిర్మాణాన్నే రాబట్టింది.

అపోహ: రొయ్య మీది తెల్లమచ్చ వైరస్‌దో కాదో ఇందులో తేలుతుంది.

వాస్తవం: తేలదు. మచ్చలో ఉన్న ఖనిజం ఏ రూపంలో ఉందో మాత్రమే తెలుస్తుంది. వైరస్ సంగతి తేలాలంటే పీసీఆర్ చేయించాలి. చెరువులో రొయ్యలు చస్తుంటే మా ల్యాబ్ ఫలితం కోసం ఎదురుచూస్తూ ఒక్క రోజు కూడా పోగొట్టుకోకండి.