‘ఎందుకు పోయినవ్ బిడ్డా?’: ఆ ప్రశ్న వెనుక చరిత్ర

దెబ్బలతోనో, పైకి చెప్పుకోలేని గాయంతోనో దవాఖానకు వచ్చిన ఆడపిల్లను వరంగల్ చుట్టుపక్కల ముందుగా అడిగే మాట: ‘ఆ యాళ్లకు ఒక్కదానివి ఎందుకు పోయినవ్ బిడ్డా?’ ప్రేమ లేక అడగరు. కానీ ఆ ప్రశ్న నిలబడటంలో పండితుల వాటా కూడా ఉంది.

నేరంలో బాధితుల పాత్రను శాస్త్రంగా చదవడం 1940లలో ఊపందుకుంది. న్యాయవాది బెంజమిన్ మెండెల్సన్ బాధితులను పూర్తి అమాయకుల నుంచి పూర్తి దోషుల దాకా వర్గాలు చేశారు. 1958లో అమెరికా నేరశాస్త్రవేత్త మార్విన్ వుల్ఫ్‌గాంగ్ ఫిలడెల్ఫియాలో 588 హత్యలు పరిశీలించి, దాదాపు నాలుగోవంతులో చనిపోయినవాళ్లే ముందు చెయ్యి చేసుకున్నారని తేల్చారు. ఆ చూపునే 1971లో మరో నేరశాస్త్రవేత్త మెనాకిమ్ అమీర్ అత్యాచారాలకూ వర్తింపజేశారు. ఆయనకు ఆధారం పోలీసు ఫైళ్లు. మహిళా ఉద్యమాలు మండిపడ్డాయి, మండిపడాల్సిందే. మన దగ్గరా బాధితురాలి నడవడిని కోర్టులో తవ్వే వీలు సాక్ష్య చట్టంలో 2002 సవరణ దాకా ఉంది.

2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. మూడు రోజుల్లో నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. ఊరంతా ఆ మాటే. కాలిన ఒంటికి, లోపలి భయానికి ఏళ్లపాటు సాగాల్సిన వైద్యం గురించి అంత చర్చ నడవలేదు. యాసిడ్ దాడి, అత్యాచార బాధితులకు సర్కారీ దవాఖానైనా ప్రైవేటుదైనా ఉచితంగా చికిత్స చేయాలని చట్టం చెప్పింది 2013లోనే.

1979లో అమెరికా పరిశోధకులు కోహెన్, ఫెల్సన్ చెప్పింది వేరు. నేరానికి సిద్ధపడ్డవాడు, చేతికందే లక్ష్యం, అడ్డుపడే మనిషి లేకపోవడం: ఈ మూడూ ఒకచోట కలిస్తే నేరం. దీన్ని జరిగినదానికి తప్పు వెతకడానికి వాడితే మళ్లీ పాత ప్రశ్నే. జరగబోయేదానికి వాడితేనే వైద్యానికి పనికొస్తుంది. కూలి పైసలొచ్చిన రోజల్లా తాగొచ్చి కొట్టే మొగుడున్న ఇంటికి ఓ తల్లిని దవాఖానలో కట్టు కట్టి పంపుతున్నాం అనుకోండి. ఏ రోజుల్లో కొడతాడు, గొడ్డలి ఎక్కడుంటది, రాత్రి తలుపు తీసే పక్కింటివాళ్లెవరు, ఆధార్, పాస్‌బుక్ ఎవరి దగ్గరున్నయ్, మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయడానికి చేతిలో సెల్లుందా అని అడగాలి.

ఏడవని పిల్ల అబద్ధమాడుతోందనుకోవడం ఇంకో తప్పు. 1974లోనే పరిశోధకులు బర్జెస్, హోమ్‌స్ట్రమ్ అమెరికాలోని బోస్టన్ ఆసుపత్రిలో అత్యాచార బాధితులతో మాట్లాడి, చాలామంది పైకి నిబ్బరంగానే కనిపిస్తారని రాశారు. స్వీయనిందలో రెండు రకాలున్నాయని 1979లో మనస్తత్వవేత్త జానఫ్-బుల్మన్ చూపారు. ‘ఆ తొవ్వల పోకుంటే అయిపోవు’ అనడం ఒకటి, ‘నేనే పాడుదాన్ని’ అనడం ఇంకొకటి. రెండో మాట చెవిన పడితే నిద్ర గురించి, తిండి గురించి, చచ్చిపోవాలన్న ఆలోచన గురించి ఆ పూటే, చుట్టాలను బయట కూర్చోబెట్టి అడగాలి.