నేల అడుగున సినిమా హాలు, పక్కన రైలు

లండన్‌లోని బార్బికన్ కళాకేంద్రం 1982 మార్చిలో ప్రారంభమైంది. రెండో ప్రపంచయుద్ధపు బాంబులకు నేలమట్టమైన ఆ ప్రాంతంలో, నివాస భవనాల మధ్య మిగిలిన స్థలం ఇరుకు కావడంతో, చాంబర్లిన్, పావెల్ అండ్ బాన్ అనే వాస్తుశిల్ప సంస్థ ఈ కేంద్రంలో చాలా భాగాన్ని భూమిలోకి దించింది. మొదటి సినిమా హాలు పూర్తిగా నేల అడుగునే ఉంది. తవ్వకం, ఊట నీటిని ఆపడం వంటివి ఏ లోతైన కట్టడానికైనా తప్పనివే. అసలు చిక్కు ఆ ఆవరణ కిందుగా సాగే భూగర్భ రైలు.

భూమిలోపల నిశ్శబ్దం దానంతట అదే వస్తుందనే నమ్మకం సగమే నిజం. వీధి మోత గాలి ద్వారా వస్తుంది కనుక బరువైన కాంక్రీటు దానిని చక్కగా ఆపుతుంది. చక్రం పట్టాపై దొర్లినప్పుడు పుట్టే కంపనం మాత్రం మట్టిలోంచి పునాదికి, పునాదిలోంచి గోడకు పాకుతుంది. గోడ తానే కంపించి హాల్లోకి సన్నని గుర్రుమనే మోతను వదులుతుంది. గోడ మందం పెంచినంత మాత్రాన ఇది పోదు, దారిని తెంచాలి.

మిక్సీ అడుగున ఉండే రబ్బరు కాళ్ల పని సరిగ్గా ఇదే. అక్కడ కంపనం గట్టుకు చేరకూడదు, ఇక్కడ హాలుకు చేరకూడదు, లెక్క ఒక్కటే. బరువు కింద రబ్బరు ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో చూసి, ఆ సంఖ్య వర్గమూలంతో 15.8ని భాగిస్తే, ఆ అమరిక సహజ పౌనఃపున్యం, అంటే తట్టి వదిలేస్తే అది తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో, హెర్ట్జ్‌లలో వస్తుంది. 2.5 మిల్లీమీటర్లు కుంగితే సుమారు 10 హెర్ట్జ్. రైలు కంపనం 50 హెర్ట్జ్ అనుకుంటే అది ఐదు రెట్లు. ఐదు వర్గం 25, అందులోంచి 1 తీసివేస్తే 24, అంటే అవతలికి చేరేది దాదాపు 24వ వంతే. కానీ సహజ పౌనఃపున్యానికి 1.4 రెట్ల లోపు కంపనాలను ఇదే రబ్బరు తగ్గించకపోగా పెంచుతుంది. మన పాఠాల్లో అనునాదం (సహజ పౌనఃపున్యానికి సరిపడే ఊపు తగిలితే కంపనం పెరగడం) అనగానే వంతెన మీద కవాతు చేసే సైనికుల కథ చెప్పి ఆపేస్తారు. ఆ 1.4 రెట్ల గీత దాటాక, ఈ రబ్బరు లాంటి స్ప్రింగే రక్షణ కవచమవుతుందన్న అందమైన రెండో సగం పిల్లలకు అందడం లేదు. వేగంగా కంపించేటప్పుడు రబ్బరు మరింత బిరుసెక్కుతుంది కనుక ఇంజనీర్లు ఆ తేడానూ లెక్కలో కలుపుకుంటారు.

నొక్కితే రబ్బరు ఘనపరిమాణం దాదాపు తగ్గదు, పక్కలకు ఉబ్బుతుంది. అందుకే చుట్టూ ఖాళీ ఉండాలి. పైన కాంక్రీటు పోస్తున్నప్పుడు ఆ సందులోకి సిమెంటు పాలు కారి గడ్డకడితే, మిక్సీ కింద చెంచా ఇరుక్కున్నట్టే, కంపనానికి మళ్లీ రాచబాట దొరుకుతుంది. అరచేతిలో పట్టే గడ్డ చాలు, అంత శ్రమనూ వమ్ము చేయడానికి.

రబ్బరును భవనం కిందనైనా పెట్టవచ్చు, పట్టాల కిందనైనా పెట్టవచ్చు. 1960ల నడుమ లండన్‌లోనే ఆల్బనీ కోర్ట్ అనే భవనాన్ని రబ్బరు దిమ్మెలపై నిలిపారు. బార్బికన్‌లో, ఆ దశాబ్దంలోనే రైలు మార్గాన్ని ఎలాగూ జరపాల్సి రావడంతో, కొత్త పట్టాలనే రబ్బరుపై వేశారు. నా దృష్టిలో అదే మేలైన ఎంపిక: పుట్టినచోటే తగ్గిన కంపనం సినిమా హాలుకే కాక, పైనున్న ఇళ్లకూ తక్కువగా చేరుతుంది.