కరణం: పోస్టు పోయింది, మాట ఊళ్లోనే ఉంది

మా ఇంట్లో తాతగారి నాటి క్రయ దస్తావేజు ఒకటుంది. మడతల దగ్గర చిరిగింది, సిరా గోధుమరంగుకు తిరిగింది. చివర్న 'దస్తూరి' (చేతిరాత) అని రాసి, పక్కన ఊరి భూముల లెక్కలు రాసే గ్రామ కరణం సంతకం. కరణం పోస్టు రద్దయి నలభై ఏళ్లు దాటినా మా నాన్న ఇప్పటికీ వీఆర్వోని (గ్రామ రెవెన్యూ అధికారిని) 'కరణం గారు' అనే పిలుస్తాడు.

కరణం అంటే సంస్కృతంలో చేయడం, చేసే సాధనం. ధర్మశాస్త్రాల్లో రుజువుగా చూపే పత్రాన్నీ కరణం అన్నారు. అలా రాసిన కాగితానికీ, రాసే మనిషికీ ఒకటే మాట వాడుకలో ఉంది. ఒడిశాలో రాతకోతల వృత్తి చేసేవాళ్లు 'కరణ్'లు. మరాఠీ కులకర్ణిలో ఉన్నదీ ఈ మాటే. నిజాం పాలనలోని తెలంగాణలో ఇదే పని చేసినవాడు పట్వారీ. మనకు ఇంటిపేరుగా కూడా స్థిరపడింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి పేరు తెలియనివాళ్లు ఎవరు?

ఊరికి పనిచేసి పంటలో వాటా తీసుకునే పన్నిద్దరు ఆయగాళ్లలో కరణం ఒకడు. తాటాకు కవిలెల మీద గంటంతో ఊరి లెక్క రాసేవాడు. ఆ కవిలెల్లో శిస్తులే కాదు, ఊరు పుట్టిన కథ, గుడి మాన్యాలు, చెరువు తవ్వించినవాళ్ల పేర్లు కూడా ఉండేవి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కంపెనీ సర్వేయర్ కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులు, వారి సహాయకులు ఊళ్లు తిరిగి సేకరించిన కైఫీయతుల్లో (ఊళ్ల చరిత్రల్లో) చాలా సమాచారం కరణాల దగ్గర దొరికిందే. ఈ ఒక్క సంగతికైనా వాళ్లకు మనం రుణపడి ఉండాలి.

కానీ ఇదే మాట వెనక భయం కూడా ఉంది. సుమతీ శతకంలో కరణం మీద ఒకటికి మించి పద్యాలున్నాయి. కరణమైనా సాటి కరణాన్ని నమ్మొద్దంటుంది ఒకటి, కరణాన్ని కాదని బతకలేవంటుంది ఇంకొకటి. ఎందుకో తెలియాలంటే ఊరి భూములు, పంటల లెక్క రాసే అడంగల్ చూడాలి. తెలంగాణలో దాన్నే పహాణీ అంటారు. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, పంట, నీటి వసతి, వీటి మధ్య ఒక గడి: అనుభవదారు. అంటే నిజంగా ఆ చేలో ఉన్నదెవరు? కౌలుకు చేసేవాడి పేరు అక్కడ ఎక్కిందా లేదా అన్నది చాలావరకు కరణం కలం చేతిలో ఉండేది. చదువురాని రైతుకు తన పేరు ఎక్కిందో లేదో కూడా తెలిసేది కాదు. నా దృష్టిలో కరణం అధికారమంతా ఈ ఒక్క గడిలోనే ఉంది.

ఆ కలం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. ఈస్టిండియా కంపెనీ పాలనలో 1802 నాటి 29వ రెగ్యులేషన్ కరణాల కోసమే వచ్చింది. 1895లో మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం వచ్చింది. తెనాలి తాలూకాలో ఒక మునసబు (గ్రామాధికారి) పోస్టు మీద లేచిన తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పాత ఉద్యోగి కుటుంబమని ముందు వరసలో నిలబెట్టడం రాజ్యాంగంలోని 16వ అధికరణానికి విరుద్ధమని 1960లో కోర్టు తేల్చింది. అయినా ఊళ్లో పెద్దగా మారింది లేదు.

తమిళనాడులో 1980లో ఎంజీఆర్ ప్రభుత్వం గ్రామోద్యోగాలను రద్దు చేసింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్స్‌తో మునసబు, కరణం, పటేల్, పట్వారీ పోస్టులన్నీ ఒక్కసారిగా తీసేసింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఒక కులానికి, ఒక ఇంటికి కట్టుబడిన ఉద్యోగం పోవడం మంచిదే, అందులో నాకు అనుమానం లేదు. తర్వాత వీఏవో, వీఆర్వో అంటూ పేర్లు వచ్చాయి.

తెలంగాణ 2020లో వీఆర్వోలనూ తీసేసి, భూమి రికార్డులకు ఆన్‌లైన్‌లో ధరణి పోర్టల్ తెచ్చింది. ధరణిలో అనుభవదారు గడి ఉండేది కాదు. కరణం చేతిలో పేరు తప్పు పడేదని భయపడిన కౌలు రైతుకు, అప్పుడు పేరు రాసుకునే చోటే లేకుండా పోయింది. 2025లో భూ భారతి చట్టం అమల్లోకి వచ్చి, ఊళ్లకు మళ్లీ గ్రామ పాలన అధికారులు వచ్చారు.

ఇక్కడ ఆంధ్రలో వీఆర్వో గ్రామ సచివాలయంలో కూర్చుంటాడు. మొన్న నాన్నతో వెళ్లాను. కుర్రాడు కంప్యూటర్‌లో అడంగల్ తెరిచాడు. నాన్న బల్ల మీదికి వంగి అడిగాడు: "కరణం గారూ, మన పేరు ఎక్కిందా?"