డ్రైవ్ పెట్టాక పుల్లీలు పడేయొచ్చా? మిల్లింగ్ మిషన్ స్పీడ్ కంట్రోల్: అపోహలు - వాస్తవాలు

ఇంట్లో, షెడ్డులో పెట్టుకునే చిన్న మిల్లింగ్ మిషన్లకు స్పీడ్ కంట్రోల్ బిగించడం నా పని. కొత్తగా వచ్చేవాళ్లు ముందు అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: వీఎఫ్‌డీ (మోటారుకు వెళ్లే కరెంటు ఫ్రీక్వెన్సీని, అంటే హెర్ట్జ్‌ను మార్చి స్పీడు మార్చే డ్రైవ్) పెట్టేస్తే ఇక బెల్టు మార్చే పనే లేదు, స్పీడంతా నాబ్ మీదే.

నాబ్ తిప్పితే స్పీడు తగ్గుతుంది, నిజమే. దాంతోపాటు పవర్ కూడా తగ్గుతుందన్న సంగతి మాత్రం వీడియోల్లో ఎవరూ చెప్పరు. 50 హెర్ట్జ్ కన్నా కింద డ్రైవ్ మోటారు టార్క్‌ను (తిప్పే బలాన్ని) మహా అయితే ఉన్నది ఉన్నట్టు నిలబెడుతుంది, పెంచలేదు. టార్క్ అంతే ఉండి స్పీడు సగమైతే పవరూ సగమే. పుల్లీ మార్చి స్పీడు నాలుగో వంతుకు దించారనుకోండి, స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే ఇరుసు) దగ్గర టార్క్ నాలుగు రెట్లవుతుంది. బెల్టులో పోయేది పోగా మోటారు పవరంతా కట్టర్‌కే అందుతుంది.

లెక్క వేసి చూద్దాం. 0.75 కిలోవాట్, 1440 ఆర్పీఎం మోటారు టార్క్ సుమారు 5 న్యూటన్ మీటర్లు. 50 మి.మీ. హైస్పీడ్ స్టీల్ కట్టర్‌తో మైల్డ్ స్టీల్ కొయ్యాలి. కటింగ్ స్పీడు నిమిషానికి 25 మీటర్లు అనుకుంటే స్పిండిల్ 160 ఆర్పీఎం దగ్గర తిరగాలి. ఒకటికి ఒకటి పుల్లీ మీద ఇది సాధించాలంటే డ్రైవ్‌ను ఐదున్నర హెర్ట్జ్‌కు దించాలి. అక్కడ మీ ముప్పావు కిలోవాట్ మోటారు ఇచ్చేది 80 వాట్ల చిల్లర. అదే నాలుగో వంతు పుల్లీకి బెల్టు మార్చి, డ్రైవ్‌ను 22 హెర్ట్జ్ దగ్గర పెడితే అదే 160 ఆర్పీఎంకు 20 న్యూటన్ మీటర్లు, 330 వాట్లు వస్తాయి. మోటారు అదే, డ్రైవ్ అదే. టాప్ గేరులో ఘాట్ ఎక్కించబోతే బండి ఆగిపోతుందని అందరికీ తెలుసు. మిల్లు దగ్గరికొచ్చేసరికి అదే సంగతి మర్చిపోతారు.

ఒకాయన స్టెప్ పుల్లీలు తీసేసి, నున్నగా ఒక్క బెల్టుతో కొత్త కవర్ కూడా చేయించుకున్నాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. అల్యూమినియం మీద, 6 మి.మీ. ఎండ్ మిల్‌తో అంతా బాగానే నడిచింది. పెద్ద కట్టర్ పెట్టి స్టీల్ మీదికి దించగానే స్పిండిల్ మూలిగి ఆగిపోయింది, డ్రైవ్ మీద ఓవర్‌లోడ్ కోడ్ వెలిగింది. ఇంతకు రెట్టింపు మోటారు కొందామని నా దగ్గరికొచ్చాడు. పాత పుల్లీలు అటక మీదే ఉన్నాయి కాబట్టి సరిపోయింది. అవి తిరిగి ఎక్కించాం, కొత్త మోటారు ఖర్చు తప్పింది.

"మరి వెక్టర్ మోడ్ ఉందిగా?" అంటారు. డ్రైవ్‌లోని ఒక సెట్టింగ్ అది, ఉంది. తక్కువ హెర్ట్జ్ దగ్గర టార్క్ జారిపోకుండా చూస్తుంది, మోటారుకు లేని పవర్‌ను ఎక్కణ్ణుంచీ తేలేదు. పైగా మోటారు ఫ్యాన్ దాని షాఫ్ట్ మీదే ఉంటుంది. షాఫ్ట్ మెల్లగా తిరిగితే గాలీ తగ్గుతుంది. 15 హెర్ట్జ్ దగ్గర గంటసేపు లోడు మీద నడిపితే బాడీ మీద చెయ్యి పెట్టలేరు. అంత తప్పదనుకుంటే విడిగా ఒక ఫ్యాన్ బిగించుకోండి.

రెండు, మూడు పుల్లీ స్థానాలు ఉంచుకుని మధ్యలో సర్దుబాటుకు నాబ్ వాడండి. బెల్టు మార్చడం తగ్గుతుంది, మానెయ్యడం కుదరదు.

అపోహ: ఉన్న సింగిల్ ఫేజ్ మోటారుకే డ్రైవో, ఫ్యాన్ రెగ్యులేటరో తగిలిస్తే చాలు.

ఈ పుకారు ఎన్ని మోటార్లను తగలబెట్టిందో! కెపాసిటర్ స్టార్ట్ మోటారులో స్పీడు అందుకున్నాక స్టార్టింగ్ వైండింగ్‌ను తప్పించే సెంట్రిఫ్యూగల్ స్విచ్ ఉంటుంది. మీరు స్పీడు తగ్గిస్తే ఆ స్విచ్ మళ్లీ కలుస్తుంది. కొన్ని సెకన్ల కోసం చుట్టిన వైండింగ్‌లో కరెంటు ఆగకుండా పారుతుంది, కాసేపటికి వాసనొస్తుంది. త్రీ ఫేజ్ మోటారు పెట్టండి, సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే డ్రైవ్ పెట్టండి. నేమ్ ప్లేట్ మీద డెల్టా 230, స్టార్ 400 అని ఉంటే (మోటారు వైండింగులను కలిపే రెండు పద్ధతులివి) 230 వోల్టుల డ్రైవ్‌కు డెల్టాలోనే కలపాలి. స్టార్‌లో వదిలేస్తే తిరుగుతుంది గానీ 29 హెర్ట్జ్ దాటాక టార్క్ పడిపోతూ వస్తుంది. "డ్రైవ్ నాసిరకం" అని తిట్టుకునేవాళ్లలో కొందరి అసలు జబ్బు ఆ టెర్మినల్ బాక్సులో వైండింగులను కలిపే మూడు రేకులే.

అపోహ: ట్రెడ్‌మిల్ మోటారు పెడితే హార్స్‌పవర్‌కు హార్స్‌పవర్, పైగా చవక.

లేబుల్ మీది హార్స్‌పవర్ సాధారణంగా చాలా ఎక్కువ స్పీడు దగ్గరిది, అదీ కాసేపటికే. చాలావాటికి ఫ్లైవీల్ మర (థ్రెడ్) మీద బిగించి ఉంటుంది, ఎదురు తిప్పితే విప్పుకునే ప్రమాదం ఉంది. చిప్స్ లోపలికి పోకుండా కప్పితే చల్లబడదు. కుదరదని అనను, తేలిక మాత్రం కాదు.

అపోహ: 100 హెర్ట్జ్‌కు పెంచితే మోటారు పగిలిపోతుంది.

నాలుగు పోల్ చిన్న మోటార్లు చాలావరకు తట్టుకుంటాయి, తయారీదారు చెప్పిన గరిష్ఠ స్పీడు చూసుకోండి. టార్క్ మాత్రం సగానికి పడిపోతుంది. ముందు స్పిండిల్ బేరింగుల సంగతి ఆలోచించండి.

ఇక షాక్ కొడుతుందేమోనని టెన్షన్ పడేవాళ్లకు. ఆ భయం మంచిదే, పోగొట్టుకోకండి. డ్రైవ్ లోపల డీసీ బస్ (ఏసీని డీసీగా మార్చి నిలిపే భాగం) మీద 325 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో చార్జ్ నిలుస్తుంది. మాన్యువల్‌లో రాసినంతసేపు ఆగి, మీటర్ పెట్టి చూశాకే మూత తియ్యండి. మోటారు బాడీకి ఎర్త్ తప్పనిసరి. పాత ఆన్-ఆఫ్ స్విచ్‌ను డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య పెట్టొద్దు, నడుస్తుండగా తెంపితే డ్రైవ్ పోవచ్చు. స్టార్ట్, స్టాప్ బటన్లు డ్రైవ్ కంట్రోల్ టెర్మినళ్లకు కలపండి.

కరెంటు పోయి వచ్చినప్పుడు, రన్ స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతే కొన్ని డ్రైవ్‌లు వాటంతటవే స్పిండిల్ తిప్పేస్తాయి. ఆ సెట్టింగ్ ముందే మార్చండి. మార్చాక కట్టర్ తీసేసి, రన్‌లో ఉండగా మెయిన్ ఆపి మళ్లీ వేసి చూడండి. స్పిండిల్ కదలకపోతేనే కట్టర్ బిగించండి.