పిల్లల బొమ్మల పుస్తకాలు, సముద్రం ఒడ్డు: కొన్ని అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా పిల్లల బొమ్మల పుస్తకాలకు ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. నెలకు రెండు శనివారాలు విశాఖ తీరం వెంట ఉన్న బడుల్లో వాటిని చదివి వినిపిస్తాను. సముద్రం కథలన్నా, "నేను నాలా ఉండొచ్చు, నాకూ ఇక్కడ చోటుంది" అని పిల్లలకు అనిపించే కథలన్నా నాకు ప్రాణం. వాటి గురించి తల్లిదండ్రులు, టీచర్లు, కొత్తగా రాసేవాళ్లు నాతో తరచూ అనే మాటలు ఇవి.

అపోహ: నాలుగు మాటలు, నాలుగు బొమ్మలు. అందులో పెద్ద పనేముంది?

వాస్తవం: బొమ్మల పుస్తకానికి ఎక్కువగా 32 పేజీలు ఉంటాయి. పెద్ద కాగితం మీద అచ్చువేసి మడతపెడితే పేజీలు ఎనిమిది, పదహారు లెక్కన వస్తాయి కాబట్టి ఆ సంఖ్య. కథంతా అందులోనే ఇమడాలి. మాట ఒకటి చెబుతుంటే బొమ్మ ఇంకొకటి చెప్పాలి. "నీళ్లు చల్లగా ఉన్నాయి, నేను దిగను" అంటుంది పాప. బొమ్మలో మాత్రం నాన్న లుంగీ అంచు గట్టిగా పట్టుకుని ఉంటుంది. భయం అన్న మాట పుస్తకంలో ఎక్కడా ఉండదు. చదవడం రాని నాలుగేళ్ల పిల్లలే దాన్ని ముందు కనిపెడతారు. అందుకే చివర్లో నీతి చెప్పక్కర్లేదని నేను పట్టుబడతాను. "కాబట్టి పిల్లలూ" అనగానే వాళ్ల కళ్లు కిటికీ వైపు తిరుగుతాయి.

అపోహ: వేరుగా ఉన్న చేపపిల్ల చివరికి అందరినీ కాపాడితే, అది మనల్ని మనం ఇష్టపడటం నేర్పే కథ.

వాస్తవం: నా దగ్గరికి వచ్చే రాతప్రతుల్లో చాలావరకు ఇదే కథ. వంకర డెక్క ఉన్న పీతను అందరూ ఏడిపిస్తారు. ఒకరోజు వల పడుతుంది. ఆ వంకర డెక్కే వలను తెంపుతుంది. అప్పుడు అందరూ దాన్ని చేరదీస్తారు. రాసినవాళ్ల మనసు మంచిదే. కానీ వినే పిల్లకు అందేది వేరు: ఏదో ఒక ఘనకార్యం చేస్తేనే నిన్ను మాలో కలుపుకుంటాం అని. నత్తి ఉన్న పిల్లాడు ఏ వలను తెంపాలి? ఎవరినీ కాపాడని రోజున కూడా ఆ పీతకు ఆ ఇసుకలో చోటుండాలి. వల సీను తీసేసి చూడండి, ఇంకా కథ మిగిలిందా అని రచయితలను అడుగుతాను.

ఖాళీ గుల్లల్లో కాపురముండే చిన్న పీతలు ఉన్నాయి కదా, వాటి బతుకే ఎంతో మంచి కథ. ఆ పీతకు వెనక భాగం మెత్తగా ఉంటుంది, అందుకే నత్త వదిలేసిన గుల్లలో దూరుతుంది. పెరిగేకొద్దీ గుల్ల ఇరుకవుతుంది, ఇంకో పెద్దది వెతుక్కోవాలి. పాతది వదిలి కొత్తదాంట్లోకి వెళ్లే ఆ కాసేపు మెత్తటి ఒళ్లంతా బయటే ఉంటుంది. బడి మారిన పిల్లకు ఆ కాసేపు ఎలా ఉంటుందో ఎవరూ వివరించక్కర్లేదు.

అపోహ: సముద్రం ఒడ్డు అంటే రంగుల గొడుగు, బకెట్, ఇసుక గూళ్లు.

వాస్తవం: అది సెలవులకు వచ్చినవాళ్ల సముద్రం. జాలరి పిల్లలకు ఆ ఒడ్డు అమ్మానాన్నలు పనిచేసే చోటు. ఒక బడిలో, తలమీద చేపల గంప ఉన్న ఆవిడ బొమ్మ చూసి ఒక పాప "మా అమ్మ!" అంది. పక్కనున్న అబ్బాయి ముక్కు మూసుకున్నాడు. ఏమనాలో తోచక పేజీ తిప్పేశాను. "వెనక్కి తిప్పండి టీచర్" అంది పాప. తిప్పాను. తను చాలాసేపు చూసింది, మేమంతా ఆగాం. ఆ అబ్బాయి కూడా ముక్కు మీద నుంచి చెయ్యి తీసి దగ్గరికి వచ్చి చూశాడు.

అపోహ: ముదురు ఒంటిరంగు అచ్చులో మాడినట్టు వస్తుంది, లేతగా గీయాలి.

వాస్తవం: చాలావరకు నల్ల సిరా ఎక్కువైనప్పుడే అలా వస్తుంది. పసుపు, మెజెంటా (ముదురు గులాబీ), కొద్దిగా సయాన్ (లేత నీలం) సిరాలు కలిపితే చక్కటి చామనచాయ వస్తుంది. నున్నటి పూత లేని కాగితం సిరాను పీల్చుకుంటుంది కాబట్టి ముందే ప్రూఫ్ (నమూనా అచ్చు) చూసుకోవాలి. ఇంత చిన్న పనికి బద్ధకించి ఎండలో తిరిగే పిల్లలందరినీ తెల్లగా గీయడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: సముద్రం చూడని పిల్లలకు ఈ కథలు ఎక్కవు.

వాస్తవం: నల్గొండ జిల్లాలో పీత కథ చదివితే పిల్లలు "ఎండ్రికాయ!" అని అరిచారు. పొలం కాలువలో వాళ్లు చూసేదే. ఆ తర్వాత కథంతా ఎండ్రికాయ అనే చదివాను.

అపోహ: తెలుగులో ఇలాంటి పుస్తకాలు దొరకవు.

వాస్తవం: ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా చదవొచ్చు. తూలిక, మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్ అనే ప్రచురణ సంస్థలు కూడా తెలుగులో వేస్తున్నాయి. కొనేముందు మాటలు వదిలేసి బొమ్మలు మాత్రమే తిప్పి చూడండి.

అపోహ: చిన్నపిల్లల పుస్తకమే కదా, నిజం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

వాస్తవం: ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి వచ్చి, ఇసుకలో గుంట తవ్వి వంద దాకా గుడ్లు పెట్టి, కప్పేసి వెళ్లిపోతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొచ్చి తమంతట తామే నీళ్ల వైపు నడుస్తాయి. మా పుస్తకం ఒకదానిలో తల్లి తాబేలు ఒడ్డున ఎదురుచూస్తున్నట్టు గీశాం. అచ్చుకు వెళ్లేముందు చదివి వినిపిస్తుంటే మూడో తరగతి పిల్లాడు ఆపాడు. "తల్లి ఉండదండి, అదెప్పుడో వెళ్లిపోద్ది." ఆ పేజీ మళ్లీ గీయించాం. ఇప్పుడు అందులో తల్లి లేదు. తెల్లవారుజామున ఖాళీ ఒడ్డు, నీళ్ల దాకా వెళ్లిన బుల్లి బుల్లి జాడలు ఉన్నాయి.